బావ దాచుకున్న వాలు అక్షరాలు

నూట ఎనభై ఆరు సీసపు అచ్చు ముక్కలు. దేంతో మొదలుపెట్టావు తాతయ్యా అన్నావు కదా, అదీ నా పెట్టుబడి. అదైనా నాది కాదు, మా బావది. మెషిను అద్దెది. కూర్చోమనకు, నేనిప్పుడు కూర్చోలేను. టైమెంతయింది? మూడున్నరేనా? సరే, ఆ ఫోను ఇటు తిప్పు మళ్ళీ. ఆ, నీ కొట్టు బోర్డుకి ఇదే కావాలన్నావు. అచ్చం ఇలాంటి వాలు ఇంగ్లీషు అక్షరమే బావది. కాకపోతే నీది వెలుతురు, ఆయనది సీసం. లావు గీత చూడు, బొటనవేలంత. పక్కనే సన్నగీత, తలవెంట్రుకంత. మధ్యేమార్గం లేదు దీనికి. అక్షరం మొత్తం మనిషిలా కుడికి వాలి, కదిలిపోయే బస్సు వెనకాల పరిగెత్తుతున్నట్టు ఉంటుంది. చివర్లలో గోరు కత్తిరించి అంటించినట్టు చిన్న చిన్న పాదాలు. బోర్డు మీద పేరుకి పెట్టుకో, అదిరిపోతుంది. కింద ఫోన్ నెంబరుకి మాత్రం పెట్టకు, రోడ్డు అవతలి నుంచి సన్నగీతలు మాయమై, మూడేదో ఎనిమిదేదో తెలియక చస్తారు. ఇది నా తెలివి కాదమ్మడూ, ఆయనదే.

ఎవరంటావేంటి, మా అక్క మొగుడు. ఇంకోళ్ళ ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు కంపోజిటరు. అక్షరాలు ఏరి పేర్చడం పని. ఒక్కచోట నిలబడేవాడు కాదు, అన్నం కూడా తిరుగుతూ తినేవాడు. 'కాస్త కుదురుగా కూర్చుంటే అరిగిపోతారా' అని అక్క అంటే, 'కూర్చుంటేనే తుప్పు పడతానే' అనేవాడు. మూతపడిన ఒక ప్రెస్సులో ఈ అక్షరాలు దొరికితే, ఒక్కోటి నూనె గుడ్డతో తుడిచి, చెక్క కేసులో పెట్టి మంచం కింద దాచాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎప్పటికైనా సొంత ప్రెస్సు పెట్టాలని, దాని మీద అక్క పేరు ఈ అక్షరాల్లో వేయాలని. ఆ సంగతి నాకప్పుడు తెలీదు. తెలిస్తే అడిగేవాణ్ణా? ఏమో, అడిగేవాణ్ణేమో. ఇరవై మూడేళ్ళు, నిలువెల్లా తొందర నాకు.

సెంటు కొట్టు తెరిచే ఆవిడ వచ్చి, పెట్టెల మీదికి మూడు వేల లేబుళ్ళు కావాలంది, నాజూగ్గా ఉండాలంది. నా మొదటి ఆర్డరు. బావ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కేసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, 'ఒరేయ్ బావమరిదీ, కొట్టు పేరుకే వాడు. అడ్రసుకి వద్దు. తొక్కే ముందు అచ్చు పడే కాగితం వెనకాల పల్చ కాగితం అంటించు, లావు గీతల కింద మాత్రమే. సన్నగీతలు వచ్చే చోట కత్తిరించెయ్. ఒక రోజు పడుతుంది, పట్టనీ' అన్నాడు. అర్థమైందా? లావు గీతకి గట్టిగా నొక్కాలి, సన్నదానికి ముట్టీ ముట్టనట్టు తగలాలి. రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. ఆ కాగితం లేకపోతే ఒకదాన్ని బతికించడానికి రెండోదాన్ని చంపాల్సిందే.

నాకు లెక్కలు వచ్చు కదా, అదే కొంప ముంచింది. కాలితో తొక్కే మెషిను, గంటకి ఎనిమిది వందలు తొక్కుతాను, రోజుకి ఆరు వేల నాలుగు వందలు. రోజంతా కత్తెర పట్టుకుని కూర్చుంటే అన్నీ పోయినట్టేగా? లేబులుకి నలభై మూడు అక్షరాలు, అడ్రసుతో సహా. రెండు లేబుళ్ళు పక్కపక్కనే జంటగా పేరిస్తే ఎనభై ఆరు. పదిహేను వందలసార్లు నొక్కితే చాలు, రెండు గంటల్లోపు పని. లావు గీతలు వెలిసినట్టు పడుతున్నాయని వెనకాల ఇంకో రెండు అట్టలు దోపాను. నలుపు నిగనిగలాడింది. తొక్కుతూనే ఉన్నాను. ఆరు వందలు దాటాక ఆపి చూస్తే సన్నగీతలు నలిగి, వాచిన పెదాల్లా ఉన్నాయి. ఒకదాని తోక విరిగి ఇంకులో తేలుతోంది. అప్పుడైనా ఆపాలా? ఎటూ పోయాయిలే అని మిగతా తొమ్మిది వందలూ తొక్కాను. నవ్వకు. సెంటు కొట్టావిడ చూసి, 'బొద్దుగా భలే ఉన్నాయండీ' అని తీసుకుపోయింది. ఏడాది పని నాకే ఇచ్చింది. ఈ ఇల్లు, ఆ మెషిన్లు, మీ నాన్న చదువు, అన్నీ ఆ వాచిన అక్షరాల మీదే లేచాయి.

బావ భూతద్దం పెట్టి ఎనభై ఆరూ చూశాడు. తిట్టలేదు. కిటికీ దాకా నడిచాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ నడిచాడు. మిగిలినవి నూరు, లెక్కకి నూరే గానీ ఎక్కువ భాగం క్యూలూ ఎక్సులూ జెడ్లూ, ఎవరి పేరూ రాదు వాటితో. ఇంటికెళ్ళి అక్కతో, 'నా చేతిలోంచి కేసు జారిపడిందే, పోయాయి' అన్నాడట. నేను వెళ్ళేసరికి అక్క ఏడుస్తోంది. 'నా పేరేస్తానన్నాడురా, చేతులకి నిలకడ లేని మనిషి' అంది. బావ నా వైపు చూసి, నోరు తెరవొద్దన్నట్టు తలూపాడు. తెరవలేదు. సొంత ప్రెస్సు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆయన పోయి ఇరవై తొమ్మిదేళ్ళు.

పొద్దున అక్క ఫోను చేసింది. ఎనభై ఆరేళ్ళు, గొంతు మాత్రం అదే. 'మనవరాలి కొట్టుకి నీ ప్రెస్సులోనే కార్డులు వేస్తున్నావటగా, మీ బావ ఆ రోజు జారవిడవకపోతే నాకూ ఒక ప్రెస్సు ఉండేది' అంది. నవ్వుతూనే అంది. యాభై రెండేళ్ళుగా నవ్వుతూ అంటూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఆయన చేతుల్లోంచి ఒక్క చుక్క ఇంకు జారడం కూడా నేను చూడలేదమ్మడూ.

అదిగో గేటు. ఒక మాట చెప్పాలి రమ్మంటే, నాలుగింటికి వస్తానన్న అక్క ముందే వచ్చేసింది. ఆ కుర్చీ ఇటు లాగు, ఆవిడకి. నువ్వు కాసేపు లోపలికి వెళ్ళు. తలుపు దగ్గరికి వెయ్యి.