చిన్న బంతి ఆగిన చోటు

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో, అపార్ట్‌మెంట్ల వెనక బాచీ ఆట కోర్టు. ముందు విసిరిన చిన్న బంతికి ఎవరి బంతులు దగ్గరుంటే వాళ్ళది ఆట. ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరే ఆడుతున్నారు. ఆమె తన నాలుగు బంతులూ వేసేసింది. అతని చేతిలో ఆఖరి బంతి ఉంది.

“నావి రెండు చిన్న బంతి పక్కనే ఉన్నాయి. నీవి మూడూ దూరం పోయాయి.”

“చూడు.”

అతని బంతి తగిలి చిన్న బంతి దొర్లింది. వెళ్ళి అతని మూడు బంతుల మధ్య ఆగింది.

“నాకు మూడు పాయింట్లు.”

“దాన్ని జరపొచ్చా?”

“జరపొచ్చు. అది ఎక్కడాగితే అక్కడి నుంచే దూరం చూస్తారు. నీ బంతులన్నిటికన్నా నావి ఎన్ని దగ్గరుంటే అన్ని పాయింట్లు.”

“మరి నాకు?”

“ఒక రౌండ్‌లో ఒకళ్ళకే.”

“నావి వేసినచోటే ఉన్నాయి కదా.”

“ఉన్నా లెక్కలోకి రావు.”

“సరే. ఈసారి ఏ ఊరు?”

“ఏంటి?”

“డాలస్ వదలాలని మినీ గోల్ఫ్ ఆడుతూ చెప్పావు. నేపర్‌విల్ వదలాలని బౌలింగ్ ఆడుతూ చెప్పావు.”

“జెర్సీ సిటీ. ప్రాజెక్ట్ అక్కడికి మార్చారు. నెలాఖరుకి జాయిన్ అవ్వాలి.”

“నాకు హాస్పిటల్‌లో జాబ్ వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు.”

“తెలుసు. నేను మాత్రం ఏం చెయ్యను? ఇంకో రౌండ్ ఆడదామా?”

“ఆడదాం. ఆ చిన్న బంతి ఇలా ఇవ్వు.”

“గెలిచినవాళ్ళే వెయ్యాలి దాన్ని.”

“మూడు ఊళ్ళ నుంచీ నువ్వే వేస్తున్నావు. ఇలా ఇవ్వు.”