డాక్టరమ్మ అడిగిన మాట

కర్నూలు. మధ్యాహ్నం మూడు దాటింది. విదేశాల్లో కారు పందేలు తోలే కృపమణి ఆ పొద్దునే బస్సు దిగి, తనను పెంచిన అవ్వ రాహేలమ్మ ఇంటికి వచ్చింది. పళ్లెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

“రంగస్వామి మామ పేరు ఎత్తొద్దు అన్న్యానా లేదా?”

“యాడ ఎత్తినా? ఆయప్ప వచ్చి గేటుకాడ నిలబడి పోయినాడు అన్న్యా. అంతే.”

“నిలబడనీ. ఎండలో నిలబడనీ.”

“అట్లనకు కృపా. ఆయప్పకు షుగరుండాది.”

“నాకేముండాదో తెలుసా? మూర్ఛ. పందేల లైసెన్సిచ్చేటోళ్లు ఈ కాగితంలో రాసిండారు. తెలుగులో చెప్తా, ఇను.”

“బువ్వ తిని చెప్పు.”

“‘డ్రైవరు కృపమణికి ఆరేండ్ల వయసులో ఒకసారి, పదకొండేండ్ల వయసులో ఒకసారి ఫిట్స్ వచ్చినట్టు బాగా తెలిసినవాళ్లు చెప్పినారు. కాబట్టి ఒక సంవత్సరం లైసెన్సు నిలిపేస్తాండాం.’ బాగా తెలిసినవాళ్లంట. ఎవురవ్వా ఆ బాగా తెలిసినోళ్లు?”

“చారు పోసుకో. ఉత్త పప్పు దిగదు.”

“ఆరేండ్లప్పుడు నేను ఆలూరు సంతలో పడిపోయింది ఎవురికి తెలుసు? నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంగ ఆయప్పకు తెలుసు. ఆయప్ప ఆటోలోనే కద నన్ను ఆస్పత్రికి తీస్కపోయింది.”

“అది ఎండదెబ్బ.”

“ఎండదెబ్బే. ఆయప్పకీ తెలుసు. తెలిసీ చెప్పినాడు చూడు, అది నాకు దిగడంలేదు. నీ పప్పు కాదు.”

“ఆయప్పే చెప్పినాడని ఎవురన్న్యారు?”

“ఎవురనల్ల? నాకు నేర్పినట్టే ఇప్పుడు ఆయప్ప ఇంకో పిల్లకు బండి నేర్పిస్తాండాడు. శిల్పని, బనగానపల్లె పిల్ల. టీములో నా తర్వాత పేరు దానిదే. నేను పక్కకు తప్పుకుంటే బండి దానికిస్తారు. ఇంత కండ్లముందర ఉంటే ఇంగెవురు చెప్పల్ల?”

“ఆయప్పనే అడిగిండొచ్చు కద.”

“అడిగేదేంది? అనేసినా. బస్టాండు కాడ్నుంచే ఫోన్ చేసి అన్న్యా. నీ చేత్తో స్టీరింగు పట్టిచ్చినావు, నీ నోటితోనే ఇడిపిచ్చినావు. నాయన లేడని నేను ఎప్పుడూ ఏడవలేదు, నువ్వుండావని. ఇప్పుడు నువ్వూ లేవు పో, అన్న్యా.”

“అంత మాట అన్న్యావా?”

“ఇంకా శానా అన్న్యా.”

“ఏమన్న్యాడు ఆయప్ప?”

“బువ్వ తిన్న్యావా పాపా, అన్న్యాడు. పెట్టేసినా.”

“మజ్జిగ తెస్తా, ఉండు.”

“వద్దు, కూర్చో. ఆస్పత్రి చీటీ ఎతికినావా? ఎండదెబ్బ అని రాసిచ్చినారే, అది. దానికోసరమే కద ఇంత దూరం వచ్చింది.”

“ఎతికినా. లేదు.”

“ట్రంకు పెట్టెలో చూసినావా?”

“చూసినా.”

“నేనొకసారి చూస్తా.”

“చూసినా అంటాండా కద. చెదలు తిన్న్యాయేమో. ఇరవై రెండేండ్ల కిందటి కాగితం.”

“నాలుగింటికి చెన్నై నుంచి ఆ లైసెన్సోళ్ల డాక్టరమ్మ ఫోన్ చేస్తాది. నా తరపున చెప్పుకోడానికి ఆ చీటీ ఒక్కటే ఉండాది. ఆయమ్మ ఆ మూర్ఛ అనే మాట కొట్టేస్తే సీటు నాది. లేకపోతే ఐదింటికి టీమోళ్లు బండిమింద నా పేరు గీకేసి శిల్ప పేరు అంటిస్తారు.”

“ఒక ఏడు పోతే మళ్లీ ఇస్తారంట కద లైసెన్సు.”

“ఇస్తారు. సీటు ఎవురిస్తారు? నాకు ఇరవై ఎనిమిది. నా పక్కన తోలేటోళ్లకు మీసాలు కూడా రాలేదు. ఏడు దినాలు కనపడకపోతేనే మర్చిపోతారు, ఏడు ఏంది.”

“మర్చిపోతే పోనీ. కల్లూరు కాడ ఒక డ్రైవింగ్ స్కూలు పెట్టుకో. ఆడపిల్లోళ్లు నేర్చుకోవల్లని తిరుగుతాండారు.”

“క్లచ్చు తొక్కమ్మా, హారను కొట్టమ్మా అనుకుంటా కూర్చోనా?”

“తప్పేముండాది? పొద్దు మునిగేటప్పటికి ఇల్లు చేరతావు.”

“అవ్వా, నేను మూడువందల కిలోమీటర్ల స్పీడుకు దగ్గరగా పోయినదాన్ని. నువ్వు నా పందెం ఒక్కటన్నా చూసిండావా? చూసింటే ఆ మాట అనవు.”

“చూసినా.”

“ఏది? కప్పు ఇచ్చినప్పటి ఫోటో చూసింటావు.”

“పందెమే చూసినా. పోయిన నెలది. వానలో తోలినారే. పక్కింటి గౌసియా దాని ఫోన్లో పెట్టింది.”

“వానలోదా? అది చూసినావా? నాకు చెప్పనేలేదు.”

“నువ్వు చెప్పినావా?”

“చెప్పినా కద. బండి కొంచెం జారింది అని.”

“కొంచెం జారింది.”

“ఔ.”

“మూడు పల్టీలు కొట్టింది. ఎంచినా నేను. నాలుగోది కొట్టబోయి గోడకు ఆనుకొని నిలబడింది.”

“నాకేం కాలేదు కదవ్వా. ఆ బండ్లు అట్లనే చేసింటారు. ఎన్ని పల్టీలు కొట్టినా లోపల మనిషికి—”

“లోపల మనిషిని వాళ్లు చూపీలేదే. నీ బండి తలకిందులైనాక నిన్ను మళ్లీ చూపీలేదు. ముందరుండే బండ్లను చూపిచ్చినారు. అవి అన్నీ మెల్లగ, ఒకదానెంట ఒకటి, పెండ్లి ఊరేగింపు మాదిరి పోతాండాయి. మా పాపను చూపీమను గౌసియా అంటా. వాళ్లు చూపిచ్చిందే చూడల్ల అవ్వా, మనం చెప్తే ఇనరు అంటాది. మళ్లీ అడుగుతా. అది ఏడుస్తాది.”

“ఆ పిల్లను ఏంటికి ఏడిపిస్తివి?”

“నలభై నిమిషాలు. ఎవురో గెలిచినారు. సీసా ఊపి ఒకరిమింద ఒకరు చల్లుకున్న్యారు. నువ్వు ఉండావో లేవో చెప్పే మనిషి లేడు ఆడ.”

“నేను ఫోన్ చేసినా కద.”

“రాత్రికి చేసినావు. బండి కొంచెం జారింది అన్న్యావు.”

“నువ్వు భయపడతావని అట్ల చెప్పినా.”

“మీ తాత పోయొస్తా అని లారీ ఎక్కినాడు. మీయమ్మ కాన్పుకు పోతా పోయొస్తా అనింది. నువ్వొచ్చినావు, అది రాలేదు. పోయొస్తా అనేటోళ్లను నేను నమ్మను కృపా.”

“నేను వచ్చినా కద. పోయిన ప్రతిసారీ వచ్చినా కద.”

“ఔ. వచ్చినావు. రంగస్వామిని అనొద్దు.”

“మళ్లీ ఆయప్పేనా?”

“ఆయప్ప చెప్పలేదు.”

“నీకెట్ల తెలుసు?”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు అంటాండా.”

“ఆ డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది.”

“యా డాక్టరమ్మ? చెన్నై ఆయమ్మా?”

“ఔ.”

“ఎప్పుడు?”

“ఇరవై దినాలైంటాది. నీ కాగితాల్లో ఇంటోళ్ల నంబరు అని నాదే రాసినావంట.”

“ఏమడిగింది?”

“బాగుండారా అనింది.”

“ఇంగా?”

“అన్నం తిన్న్యారా అనింది.”

“డాక్టరమ్మ అన్నం సంగతి ఏంటికి అడుగుతాది? అవ్వా, నా మొగం చూడు. ఏమడిగింది?”

“బండి తిరగబడినోళ్లందరి ఇండ్లకూ ఫోన్ చేస్తాండామమ్మా అనింది. మీ పాప ఫిట్టేనా అనింది.”

“నువ్వేమన్న్యావు?”

“నేనేమంటా.”

“ఏమన్న్యావు అవ్వా?”

“ఔ, వస్తాయమ్మా, అన్న్యా.”

“వస్తాయా? ఏం వస్తాయి?”

“ఫిట్సు.”

“ఉండు. ఉండు. ఆయమ్మ ఫిట్టేనా అనిందా, ఫిట్సేనా అనిందా?”

“ఏదో ఒకటి అనింది.”

“అవ్వా, ఫిట్ అంటే గట్టిగుండేది. ఫిట్సంటే మూర్ఛ. ఆయమ్మ మీ పాప గట్టిగుండాదా అని అడిగితే, నువ్వు మూర్ఛొస్తాది అన్న్యావు. అయ్యో దేవుడా. అయ్యో నా తల్లీ.”

“నవ్వుతాండావా?”

“నవ్వక ఏం చెయ్యల్ల? వారం నుంచి నిద్రలేదు నాకు. ఎవురు చెప్పినారు, ఎవురు చెప్పినారని టీములో ఒక్కొక్కరి మొగమే చూస్తాండా. చివరాకరికి ఏమైంది, ఒక ‘సు’ ఎక్కువ పడింది. అంతే.”

“అంతేనా?”

“అంతే. మరి సంత సంగతి ఎట్లొచ్చింది?”

“ఎప్పుడెప్పుడు వచ్చిందమ్మా అని అడిగింది.”

“నువ్వు పడిపోయినవన్నీ చెప్పింటావు. పదకొండేండ్లప్పటిది మంచి శుక్రవారం ఉపాసానికి పడిపోయింది. అదీ చెప్పినావా?”

“చెప్పినా.”

“సరిపోయింది. బువ్వ పెట్టు. కాదు, చల్లారిపోయింది, వేరేది పెట్టు. ఉండు, ముందు డాక్టరమ్మకు మెసేజి పెడతా, మా అవ్వకు ఇనపడలేదని. ఇంగ మామకు ఫోన్ చెయ్యల్ల. ఏ మొగం పెట్టుకొని చెయ్యల్లరా సామీ. అలో, మామా? నేను. పెట్టేయొద్దు.”

“పెట్టేసింది నువ్వు పాపా.”

“తప్పైపోయింది మామా. నీ కాళ్లు పట్టుకుంటా. నువ్వు కాదు, అవ్వ. డాక్టరమ్మ ఫిట్ అంటే అవ్వకు ఫిట్సని ఇనపడింది.”

“ఎవురికి? రాహేలమ్మక్కకా?”

“ఔ. ఈన్నే ఉండాది, స్పీకర్లో పెట్టినా. నాలుగింటికి డాక్టరమ్మ అవ్వనే మళ్లీ అడుగుతాది.”

“పాపా, అక్క పెద్దాస్పత్రిలో ఇరవై ఏండ్లు ఆయాగా చేసింది కద.”

“ఊడ్చేదానికి చేసింది మామా, మందులు రాసేదానికి కాదు.”

“ఔలే. అదీ నిజమే.”

“ఏంది అట్లంటావు?”

“ఏం లేదు. నాకు సంతోషం పాపా. అక్కా, ఇనపడతాందా?”

“ఇనపడతాంది. చెప్పప్పా.”

“నాలుగింటికి మళ్లీ అడుగుతారంట.”

“ఔ.”

“బాగ చెప్పక్కా.”

“నువ్వు మాత్రలేసుకున్న్యావా?”

“నా మాత్రల సంగతి కాదక్కా. బాగ చెప్పు. పిల్ల పదైదేండ్ల కష్టం. ఉంటా.”

“చూసినావా అవ్వా, ఎంత మంచోడో. అంతంత మాటలన్న్యా నేను. సరే, టైమైతాంది. ఏం చెప్తావో ఒకసారి చెప్పి చూపీ.”

“ఏం చెప్పల్ల?”

“పోయినసారి నాకు సరిగ్గ ఇనపడలేదమ్మా, అను.”

“పోయినసారి నాకు సరిగ్గ ఇనపడలేదమ్మా.”

“మా పాపకు ఏ రోగమూ లేదమ్మా, అను.”

“మా పాపకు ఏ రోగమూ లేదమ్మా. రాయి మాదిరుండాదమ్మా.”

“రాయి నువ్వు కలిపినావు. బాగుండాది, ఉండనీ. అంతే అవ్వా, ఆ రెండు మాటలే.”

“ఇది అయిపోతే ఎప్పుడు పోతావు?”

“ఈ పొద్దే. సాయంత్రం బస్సుకు బెంగళూరు, తెల్లారి విమానం.”

“పొద్దన్నే వస్తివి కద.”

“శనివారం పందెముండాదవ్వా.”

“మళ్లీ ఎప్పుడొస్తావు?”

“నవంబరు. మధ్యలో పది పందేలుండాయి.”

“పది.”

“ఔ.”

“ఆడ అన్నీ వానలేనా?”

“ఆకాశం నా చేతుల్లో ఉంటాదా? ఇదిగో, వచ్చింది. ఫోన్ వచ్చింది. రా, దగ్గరికి రా. అలో, డాక్టరుగారూ, నమస్తే. మా అవ్వ ఈన్నే ఉండాది.”

“నమస్కారం. మీ మెసేజి చూశాను కృపమణిగారూ. నాకూ మనసులో అనుమానంగానే ఉండింది. రాహేలమ్మగారూ, బాగున్నారా?”

“బాగుండానమ్మా.”

“పోయినసారి మీకు నా మాట సరిగ్గా వినబడలేదంట, నిజమేనా? భయపడకండి. పొరపాటు అయితే ఇప్పుడే, నా చేత్తోనే కొట్టేస్తాను.”

“చెప్పవ్వా. ఇనపడలేదని చెప్పు.”

“కృపమణిగారూ, మీరు అందివ్వకండి. పెద్దావిడనే చెప్పనివ్వండి. అమ్మా, ఈసారి ఇంగ్లీషు మాట వద్దు. తెలుగులోనే అడుగుతాను. మూర్ఛ. మీ మనవరాలికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా?”

“అవ్వా. ఏంది, చెప్పు. అవ్వా, నా చెయ్యి ఎందుకు పట్టుకున్న్యావు?”

“వచ్చిందమ్మా. రెండుసార్లు. పోయినసారీ నాకు బాగనే ఇనపడింది.”