ఉదాహరణ గడి

మధ్యాహ్నం. ముందు గదిలో బల్ల నిండా వైద్య పదాల నిఘంటువు కోసం రాసిన అట్ట కార్డులు, వాటి డబ్బాలు. ఒక తండ్రి, అప్పుడే ఆసుపత్రి నుంచి ఆయన మందులు తెచ్చిన కూతురు.

“మాత్రలు మార్చారంతే. ఎన్నిసార్లు చెప్పను నాన్నా?”

“మాత్రల సంగతి కాదు. వచ్చే వారం ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి అన్నాను.”

“కొత్తాయన. రెండో అంతస్తులో ఉంటాడు.”

“రెండో అంతస్తు అనే వైద్యం నేనెక్కడా వినలేదమ్మా.”

“ఏదో విభాగం. గుర్తులేదు. పాలు వెచ్చబెట్టనా?”

“వద్దు. కూర్చో. ఒక కార్డు రాద్దాం.”

“ఇప్పుడా? మందుల వరసలో రెండు గంటలు నిలబడ్డాను. కాళ్లు నా మాట వినట్లేదు.”

“ఒక్కటే. అది అయితే ఈ డబ్బా ప్రెస్సుకి వెళ్లిపోతుంది.”

“సరే, కానివ్వు. ఏం మాట?”

“పాలియేటివ్. కలం తీసుకో, కింద పడింది.”

“ఈ మాట... ఇది ఎక్కడిది నీకు?”

“ముందు ఉచ్చారణ. పా నా, ప్యా నా?”

“ప్యా. ప్యా అనుకుంటా.”

“డాక్టర్లు ప్యా అంటారు. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు పా అంటారు. మనం రాసేది బెంచీల వాళ్ల కోసం. పా.”

“సరే, పా.”

“పుట్టుక లాటిన్. పాలియం అంటే భుజాల మీదుగా కప్పుకునే పెద్ద బట్ట. దాన్నుంచి కప్పడం. కప్పడం నుంచి ఇది.”

“దుప్పటన్నమాట. మంచి మాటే కదా నాన్నా.”

“మంచి మాటే. అర్థం నువ్వు చెప్పు.”

“నొప్పి తగ్గిస్తారు.”

“ఊఁ.”

“ఆయాసం తగ్గిస్తారు. నిద్ర పట్టేలా చూస్తారు. ఇంకేం కావాలి మనిషికి?”

“సగమే చెప్పావు.”

“ఓపిక లేదు నాన్నా. మిగతాది నువ్వే రాసుకో.”

“రాసేశాను. ‘జబ్బు నయమైనా కాకపోయినా, మనిషి బాధపడకుండా చూసుకునే వైద్యం.’ తప్పుంటే దిద్దు.”

“చూశావా, నయమైనా అని కూడా ఉంది! నువ్వే రాశావు!”

“రాశాను. మన చీటీలో ఏది రాశారు, అయినానా, కాకపోయినానా?”

“ఏ చీటీ?”

“వారం కింద రిపోర్టులు పట్టుకుని ఒక్కదానివే వెళ్లొచ్చావే, ఆ రోజు ‘ప’ డబ్బాలో దాచిన డాక్టరు చీటీ.”

“‘ప’ కార్డులన్నీ అయిపోయాయన్నావు కదా! ఆ డబ్బా ఇంక ముట్టుకోవనుకున్నాను.”

“ప్రెస్సుకి పంపేముందు ప్రతి కార్డూ తిరగేస్తానని మర్చిపోయావు. ‘ప్యాంక్రియాస్’ కార్డు వెనకాల దొరికింది. దాచేటప్పుడు కూడా అక్షరక్రమం తప్పలేదే తల్లీ నువ్వు!”

“చిన్నప్పట్నుంచీ నీచేత తిట్లు తిన్న చెయ్యి నాన్నా. దానంతటదే అక్కడికి పోయింది.”

“నవ్వొచ్చింది చూడగానే. ఆ తర్వాత కాసేపు ఏడ్చాను. అది వేరే సంగతి.”

“ఎప్పుడు?”

“నువ్వు బట్టలు ఆరేస్తున్నప్పుడు. పోనీలే. ఉదాహరణ గడి మిగిలింది. మన పద్ధతి ఏమిటి?”

“కల్పించకూడదు. చెవిన పడ్డ వాక్యమే రాయాలి.”

“అలాగే రాశాను. చదువు.”

“‘మాత్రలు మార్చారంతే. ఎన్నిసార్లు చెప్పను నాన్నా?’... ఇందులో అసలు ఆ మాటే లేదు.”

“లేదు. మనింట్లో ఇప్పటిదాకా దాని వాడుక ఇదే మరి. వారం నుంచీ ఇదొక్కటే వింటున్నాను. కొట్టేసి వేరేది రాస్తాను, చెప్పు.”

“నా వల్ల కాదు.”

“తొందరేం లేదు.”

“నాన్నా... నిన్ను పాలియేటివ్‌కి తీసుకెళ్లమన్నారు. ఇంక నయం కాదన్నారు. నాకు చాలా భయంగా ఉంది నాన్నా.”

“మెల్లిగా చెప్పమ్మా. రాసుకుంటున్నాను.”