మేనేజరు గారి గుడ్ మార్నింగ్

ఎనుమాముల మార్కెట్ వెనక ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. అక్కడ ఈ-మెయిళ్లు బందై పది రోజులు. ఆఫీసు గదిలో మేనేజరు చంద్రమౌళి, క్లర్కు సుభాషిణి. బయట ఎక్కడో సుత్తె దెబ్బలు.

"రెండు వందల పన్నెండు లైకులా? నాకా? మల్ల చూడు సుభాషిణీ."

"మీకే సార్. ఇప్పుడు పదమూడు."

"చూసినవా మరి. మెయిల్ బంద్ పెట్టి ఫేస్‌బుక్ లెక్క యాప్ తెస్తాండ్రంటే మీరంత మూతి ముడిసిండ్రు. మెయిల్ల ఒక్కడన్న నాకు లైక్ కొట్టిండా?"

"లేదు సార్. మెయిల్ల మాకు కూడా మీరేం కొట్టలే."

"ఏందీ?"

"ఏం లేదు సార్. మూడేండ్లల్ల పదకొండు మెయిళ్లు పెట్టిన. అన్నిటికి 'చూస్తాం' అని వచ్చింది. అంతే."

"మల్ల ఆ బాత్రూం తలుపు ముచ్చటేనా? ఇడువవా ఇగ? అరే, ఆ సుత్తె ఎవడు కొడ్తాండు? చెవులు పోతానయ్."

"ఏదో పని అయితాంది సార్. అయిపోవచ్చింది."

"సర్లే. గిన్ని లైకులు దేనికి, నిన్నటి గులాబీ పువ్వుకేనా?"

"దానికే సార్. మీ గుడ్ మార్నింగ్ రోజూ నేనే పెడ్త గద, మీ పేరు మీద."

"అందుకేనాయె నీకు నా ఫోన్ ఇచ్చేది. షెడ్ల మిర్చి తొడిమలు తీసే ఆడోళ్లు కూడా కొట్టిండ్రా?"

"ముందు కొట్టిందే వాళ్లు సార్. పూలమ్మక్కయితే బిడ్డ ఫోన్ల నుంచి ఇంకోటి కొట్టింది."

"సేటు గూడ చూసిండు, తెలుసా? హైదరాబాద్ నుంచి వాయిస్ పెట్టిండు. 'శభాష్ చంద్రమౌళీ, మనిషంటే గిట్లుండాలె, సోమవారం నేనే వచ్చి చూస్త' అని. నేను గూడ మైకు ఒత్తి చెప్పిన, రాండ్రి సార్, నా మాటంటే మాటే అని."

"విన్న సార్. అందరం విన్నం. దానికి నూట నలభై లైకులు."

"శాలువా గిట్ల కప్పుతడేమో. ఇంతకు పువ్వు కింద ఏం రాసినవ్? సూక్తా?"

"సూక్తి లాంటిదే సార్."

"సదువు."

"మీరే సదువుకోండ్రి సార్."

"అద్దాలు ఇంట్ల మర్చిపోయినని చెప్పలే? సదువు."

"'శుభోదయం. మన షెడ్ల అరవై మంది ఆడోళ్లు పని చేస్తాండ్రు. వాళ్ల బాత్రూంకు మూడేండ్ల నుంచి తలుపు లేదు. ఒకామె లోపలికి పోతే ఇంకొకామె చీర అడ్డం పట్టుకోని నిలబడ్తాంది. సోమవారం లోపల తలుపు పెట్టిస్త. ఇట్లు, మీ చంద్రమౌళి.' పక్కన గులాబీ పువ్వు... సార్? మంచినీళ్లు తేనా?"

"నేను... నేనెప్పుడన్న గా మాట?"

"నిన్న పొద్దుగాల ఎనిమిదిన్నరకు సార్."

"నీ నౌకరి పోతది సుభాషిణీ."

"పోతది సార్. ఎందుకు తీసిండ్రని సేటు అడుగుతడు. నా గుడ్ మార్నింగులు ఆమెనే రాస్తదని చెప్తరా?"

"అరే, గింత చేసేటిదానివి నాకొక మెయిల్ పెట్టొచ్చు గదనే..."

"పదకొండు పెట్టిన సార్."

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్ ఆ పోస్టు. సోమవారం దాకా సేటుకు యాది ఉంటదా ఏంది?"

"పోస్టా? తీసేస్త సార్, ఒక్క నిమిషం పని. తలుపు ఊడబీకాలంటే మాత్రం జర ఆగాలె. మీ వాయిస్ వినిపిస్తే వడ్ల యాకయ్య పొద్దుగాలనే తలుపు చెక్క, సుత్తె పట్టుకోని వచ్చిండు. సుత్తె సప్పుడు ఆగింది చూడుండ్రి. లోపల పూలమ్మక్క ఉన్నది. గొళ్లెం పెట్టుకున్నది."