తలుపు లేని గుహ

గుహ పటాల మీద పాచికలు వేసి ఆడుకునే రాక్షసుల ఆటల మాసపత్రిక ఆఫీసు. ఎడిటరమ్మాయి, ప్రెస్సులో పేజీలు కట్టే ఆమె మేనమామ. ఇద్దరి మధ్యా బల్ల మీద ఫోను.

"ఆ ఫోను ఎత్తకు మావయ్యా. నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకో, వాచి కూడా ఉన్నాయి. హలో... ఆఁ, పత్రికాఫీసే. చెప్పండి బాబూ... గుహలోకి వెళ్లారు, మంచిది. రాక్షసుణ్ణి చంపారు, ఇంకా మంచిది. బయటికి దారి లేదు... మరి లోపల ఎండ తగలకుండా చల్లగా ఉంటుంది కదండీ... పెట్టేశాడు."

"ఎందుకు పెట్టెయ్యడు? పదో వార్షికోత్సవ సంచిక మావయ్యా ఇది. పాఠకులు ఏమంటారో చూసి, పత్రిక ఉంచాలో మూసెయ్యాలో తేలుస్తానన్నారు ఓనరుగారు. ఇంకాసేపట్లో వస్తారు. చూడు, పొద్దున్నుంచీ వచ్చిన ఉత్తరాలన్నీ ఒకటే పాట. నడిమి పేజీలో గుహ పటం ఇచ్చారు, తలుపేదీ, తలుపేదీ, తలుపేదీ."

"అందరూ ఒకే మాట మీదున్నారు. మీ అత్తా నేనూ ఎప్పుడైనా ఉన్నామా అలా?"

"నవ్వించకు. ఏడుపొస్తోంది నాకు."

"ఏదీ, ఇలా తే, చదువుతా. 'ఆర్యా'... అబ్బో, నన్నే. 'మీ గుహలో ఇరుక్కుపోయి వారమైంది. పాచికలు వేసీ వేసీ చెయ్యి పడిపోయింది. చేసేదిలేక లోపలే మంగలి షాపు పెట్టుకున్నాను. ఉన్నది ఒక్క రాక్షసుడే అయినా రెండు తలలు కాబట్టి గడ్డాలు రెండొస్తున్నాయి.' చూశావా, ఒకడికి బతుకుతెరువు చూపించావు."

"వెటకారం మావయ్యా అది."

"ఇదిగో, ఇదెవరో ఆడమనిషి. 'మా ఆయన పెళ్లయిన కొత్తలో తప్ప నా పక్కన కూర్చున్నది లేదు. ఇప్పుడు రోజూ ఇద్దరం నేల మీద పటం పరుచుకుని దారి వెతుక్కుంటున్నాం. దయచేసి తలుపు ఎక్కడుందో చెప్పకండి.'"

"నిజంగా అలా రాసిందా, నువ్వు కల్పిస్తున్నావా?"

"కల్పించేంత చదువుంటే ఇక్కడెందుకుంటా? నువ్వే చూడు."

"...నిజమే. కానీ ఈవిడ ఒక్కతే. ఓ మాస్టారు చూడు, 'క్లాసు మొత్తం గుహలో ఉంది, లెక్కలు చెబుదామంటే బయట ఎవరూ మిగల్లేదు' అంటున్నాడు."

"ఆయన్నీ లోపలికి తోసేస్తే సరి."

"మావయ్యా, ఒకటడుగుతా, నవ్వకుండా చెప్పు. నేను తలుపు గీశాను. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని కూర్చుని గీశాను. ఉత్తరం వైపు గోడకి, పాము చుట్టుకున్న తలుపు. నీ చేతికే ఇచ్చాను. పేజీ కట్టింది నువ్వు. తలుపేమైంది?"

"టీ తాగుదామా?"

"మావయ్యా."

"బిస్కెట్లతో?"

"ఆర్నెల్ల కిందట భూతం మొహానికి ఓనరుగారి మీసాలు పెట్టిందెవరు?"

"మీసాల్లేకపోతే పిల్లలు దడుచుకోరేమోనని..."

"సంపాదకీయం కింద నా పేరు తీసేసి 'మా అక్క కూతురు' అని వేసిందెవరు?"

"అబద్ధం వేశానా?"

"అందుకే అడుగుతున్నా. నా అసలు బొమ్మ ఇలా ఇవ్వు. తలుపు గీశానని ఓనరుగారికి చూపిస్తా."

"అసలు బొమ్మా? అదీ... ప్రెస్సులో ఎక్కడో ఉంది. దాని మీద సిరా డబ్బా ఉంది. డబ్బా మీద పిల్లి పడుకుంది."

"ప్రెస్సులో పిల్లెక్కడిది?"

"మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చాడు మీసాలాయన. నువ్వు నోరు మెదపకు."

"ఏమ్మా ఎడిటరూ, ఏంటిది? బజార్లో ఎవడు కనబడినా తలుపేదీ అంటున్నాడు. ఎవరు చేశారీ తప్పు?"

"సార్, అది..."

"నేనే సార్. అమ్మాయి పాపం శుభ్రంగా గీసింది. పేజీ కట్టేటప్పుడు నేనే పీకేశా."

"పీకేశావా? ఎందుకయ్యా?"

"తలుపుంటే ఏం చేస్తారు సార్? ఒక్క సాయంత్రం ఆడి, బయటికొచ్చి, పుస్తకం మూల పడేస్తారు. ఇప్పుడు ఊరంతా లోపలే ఉంది. ఇంతమందిని లోపల పెట్టి పత్రిక మూసేస్తే ఉసురు తగలదూ?"

"నీ బుద్ధి నాకు తెలుసు. ఆ మీసాలప్పుడే నిన్ను పంపించెయ్యాల్సింది."

"పంపించెయ్యండి. నన్ను పంపించి పత్రిక ఉంచండి."

"సార్, ఆయన్నేం అనకండి. ఎడిటర్ని నేను, నేనే చూసుకోవాల్సింది."

"మామా కోడలూ ఇద్దరూ కాసేపు ఆగండి. అది సరే గానీ... ఆ తలుపు ఏ గోడకుందమ్మా?"

"దేనికి సార్?"

"ఊరికే."

"సార్, కొంపదీసి మీరు కూడా లోపలే ఉన్నారా?"

"నేను కాదయ్యా. మా మనవరాలు."

"చిన్నపిల్లకైతే చెప్పొచ్చు సార్. ఎన్నేళ్లు?"

"...ఇంకా మాటలు రాలేదు."

"అయ్యో. ఏ గదిలో ఉందండీ పాప?"

"ఎముకల గది దాటింది. కత్తి విరిగిపోయింది. కొవ్వొత్తి ఒక్కటే మిగిలింది, అదీ కొసకొచ్చింది... ఇంతకీ చెబుతావా, చెప్పవా?"

"చెప్పం సార్. వచ్చే నెల సంచికలో వేస్తాం, కొనుక్కోండి."

"నా పత్రిక నేను కొనుక్కోవాలా?"

"పాప కోసం సార్."

"...సరే. వచ్చే నెల వెయ్యండి. ఇలా కొనేవాళ్లుంటే ఆపై నెలా వెయ్యండి. నువ్వు మాత్రం ఇక పేజీలు ముట్టుకోవడానికి వీల్లేదు. రేపట్నుంచి కట్టలు మొయ్యి."

"అలాగే సార్. పాపని అడిగానని చెప్పండి."

"...వెళ్లిపోయారా?"

"వెళ్లాడు. వేళ్లు మడుచుకుంటూ గదులు లెక్కెట్టుకుంటున్నాడు."

"నీకు బుద్ధుందా మావయ్యా? ఒక్క మాట చెప్పకుండా పీకేస్తావా? ఈ వయసులో కట్టలు మోస్తావా?"

"నడుముకి మంచిదే."

"నిన్ను తిట్టాలో దండం పెట్టాలో తెలియట్లేదు. సరే, పీకిన ముక్క ఇటివ్వు. వచ్చే నెలకి అదే వేసేద్దాం."

"దేనికే, కొత్తది గీసుకో."

"కొత్తదెందుకు? పాము పొలుసులతో సహా అంత బాగా కుదిరింది. ఏం చేశావు దాన్ని? ఆ చంకలో కవరేంటి? నా బొమ్మే కదా, ఇటు తే... మావయ్యా, ఇందులో ఎక్కడా ముక్క పీకినట్టు లేదే."

"పీకడానికి ఉండాలి కదే అమ్మడూ. ఒళ్లు కాలిపోతుంటే గీశానన్నావు చూడు, ఆ తలుపు నీ జ్వరంలోనే ఉండిపోయింది."