సీసా మీద నాగోలు

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయిన ఓ ఉదయం, పశువైద్యం చదివే అమ్మాయి కొత్తపేట నుంచి నాగోలుకు నడిచొచ్చింది. ఓ పెద్దాయన కొట్టంలో గేదె చెవి వెనక నుంచి పిడుదు పురుగును తీసి సీసాలో వేసింది.

“ఈ రకం పిడుదు ఎక్కడెక్కడ ఉందో పటం గీస్తున్నాను తాతగారూ. సీసా మీద నాగోలు అని రాశాను.”

“తప్పు రాసినవ్ బిడ్డా. గీ బర్రెను రెండేండ్ల కింద భీమవరం దిక్కు కొన్న. పిడుదు గూడ ఆడికెల్లి వచ్చిందే.”

“అప్పుడు వచ్చినవి ఎప్పుడో రాలిపోయాయండి. ఇవి వాటి పిల్లల పిల్లలు. ఈ కొట్టంలోనే పుట్టాయి. అందుకే పటంలో చుక్క నాగోలు మీదే పెడతాను.”

“గట్లనా. మరి నువ్వేడ పుట్టినవ్?”

“కొత్తపేటలోనే. నాన్నగారిది తెనాలి. ఈ గొడవలు చూసి, ఇల్లు అమ్మేసి వెళ్లిపోదాం అంటున్నారు.”

“నీకేమనిపిస్తుంది?”

“నాకు తెనాలిలో దారులు కూడా తెలియవు.”

“అయితే మీ నాయనకు గీ సీసా చూపెట్టు. పటం గీసేటోళ్లు ఎట్ల రాస్తరో చెప్పు.”

“నన్ను పిడుదుతో పోలుస్తున్నారా తాతగారూ?”

“ఛ, గదెట్ల. అది నెత్తురు తాగుతది, నువ్వు చాయ్ తాగుతవ్. జర కూసో, పాలు పిండుతున్న.”