గీత అవతలి గాలి

గాలివాన సూచనలు తయారుచేసే కంపెనీ. మధ్యాహ్నం, కప్పులు కడిగే సింకు దగ్గర బావా మరదలూ. అక్కనిచ్చిన పాపానికి ఆఫీసులో కూడా ఆయనే ఆమెకి పైఅధికారి.

"ముందా కప్పు కింద పెట్టు బావా. బూజు మొలిచింది అందులో."

"బూజు కాదది, మీగడ. విషయం చెప్పు."

"చెప్పాగా. ఉత్తరం నుంచి చలిగాలి తన్నుకొస్తోంది. ఈ పూటే భూమధ్యరేఖ దాటేస్తుంది. దాటగానే పక్కకి తిరిగి అవతలి దీవుల మీద పడుతుంది. కుండపోతే."

"పడనీ. మన మ్యాపు ఆ గీత దగ్గరే ఆగిపోతుంది."

"ఆగలేదు. నువ్వే కత్తిరించావు."

"మన కాంట్రాక్టు అంతవరకే మరి."

"సరే, కత్తిరించావు. అవతల గాలి వేగం గడులు ఖాళీగా వదలొచ్చుగా? సున్నాలెందుకు నింపావు?"

"ఖాళీగా ఉంటే ఫైలు మొరాయిస్తుంది. సున్నాలు పెడితే నోర్మూసుకుని తెరుచుకుంటుంది."

"అవతలి రేవు వాళ్ళూ నెట్లో ఆ ఫైలే చూస్తారు. వాళ్ళ లెక్కలో సున్నా అంటే గాలే లేదని. పొద్దున ఫోన్ చేస్తే రేవు పెద్దాయన ఏమన్నాడో తెలుసా? సముద్రం నూనె పోసినట్టుందమ్మా, బడి పిల్లల్ని పడవలెక్కిస్తున్నాం అన్నాడు."

"అసలు నువ్వెందుకు చేశావ్ ఫోను?"

"అదా నీ డౌటు?"

"అది కాదే. వాళ్ళు మన కస్టమర్లు కాదు. తప్పు మనదని ఒప్పుకున్నామా, ఇవతలి వాళ్ళు కూడా మన సున్నాలన్నీ తవ్వి పోస్తారు."

"గీత అవతల ఉన్నవాళ్ళు మనుషులు కాదా?"

"నా మనుషులు కాదు. గాలికి పోయే కంప మనకెందుకు."

"ఛీ. అక్క ఎట్లా వేగుతోందో నీతో."

"ఇంట్లో కప్పులు తనే కడుగుతుందిలే."

"నా మాట ఆ రేవు పెద్దాయన నమ్మలేదు బావా. ఫైల్లో సున్నా ఉందిగా అన్నాడు. అందుకే హెచ్చరిక పంపేశాను."

"పంపేశావా?"

"ఆ సున్నాలు మావే, నమ్మొద్దు, పడవలు వదలొద్దు అని."

"ఎవరి పేరుతో?"

"నా పేరుకి విలువ లేదుగా. నీ పేరుతో."

"నీ... నీకసలు... నా ఉద్యోగం ఊడగొట్టడానికే పుట్టావా?"

"వాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు. అవును అను. ఒక్క ముక్క."

"అనను."

"అదిగో, మోగుతోంది. వాళ్ళదే."

"నువ్వు పంపావనే చెప్తా. తెలివితక్కువ పిల్ల, ఇవాళే తీసేశాం అని చెప్తా."

"బావా, పడవల్లో పిల్లలు."

"నోర్ముయ్. హలో... ఆ, నేనేనండి. ఆ హెచ్చరిక సంగతేనా? అదీ, మా దగ్గరో తెలివితక్కువ పిల్ల... ఏంటండీ? అప్పుడే అందుకుందా గాలి? ... పడవలన్నీ కట్టేశారా? ... పిల్లలంతా ఒడ్డునే ఉన్నారా, అమ్మయ్య... నాకు దండాలెందుకండీ... ఆ, పొద్దున్నే పసిగట్టాను... ఆ పిల్లా? ఏం లేదండి, టైపు చేసిందంతే. అయ్యో, అంత మాటెందుకు. గీత అవతలైతే మాత్రం మనుషులు కాదా అండీ?"